సిగ్నల్ దగ్గర ఎక్కే ముల్లు

మా ఆయన ఇరవై మూడేళ్ళ కాపురంలో నా మాటని ఒక్కసారి కూడా కాదనలేదు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి, ఉన్న మాటలన్నీ తుడిచిపెట్టుకుపోయాక, మిగిలింది ఒకే ఒక్క మాట: "కాదు." మంచినీళ్ళు కావాలా అంటే కాదు. గ్లాసు నోటికందిస్తే కాదు కాదంటూనే గటగటా తాగేవాడు. కాలు నొప్పా అంటే కాదు. నేనెవర్నో తెలుసా అంటే దానికీ కాదు. మొదటి వారం నాకు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

బహ్రెయిన్‌కి వచ్చి అప్పటికి పదకొండేళ్ళు. ఆయన సిత్రాలో ఒక కాంట్రాక్టు కంపెనీలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్. పైపుల్లో పారే నూనె ఎంత వేడిగా ఉందో, ఎంత ఒత్తిడిలో ఉందో చూపించే మీటర్లు నిజం చెబుతున్నాయా లేదా అని చూడటం ఆయన పని. నేను ఈసా టౌన్‌లో ఒక బడిలో తొమ్మిది, పది తరగతులకి ఫిజిక్స్ చెప్పేదాన్ని. పిల్లల్లేరు. జింజ్‌లో రెండు గదుల ఫ్లాటు, ఆయన చేతి చలవ వల్ల నడుస్తున్న ఒక పాత జపాన్ కారు, అంతే సంసారం.

మార్చిలో ఒక ఉదయం గడ్డం గీసుకుంటూ పడిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. "ఎంతవరకు అర్థమవుతోందో ఇప్పుడే చెప్పలేం" అన్నాడు డాక్టరు. ఎవరైనా చెప్పలేం అంటే ఆ చెప్పేదేదో నేనే చెప్పేసే రకం నేను. నెల తిరక్కుండానే తేల్చేశాను: ఈయనకి ఏమీ అర్థం కావడం లేదు.

అది తేల్చాక మిగతావన్నీ సులువయ్యాయి. కంపెనీ ఇచ్చిన సిక్ లీవు జూన్ నెలాఖరుతో అయిపోతుంది. ఆయన వీసా రద్దవుతుంది, నాది బడివాళ్ళు ఇచ్చింది. విజయవాడలో ఇలాంటి రోగులను పెట్టుకుని చూసే హోమ్ ఒకటుందని మా అక్క కనుక్కుంది. మేం ప్రార్థనకి వెళ్ళే తెలుగు ఫెలోషిప్‌లో ఒకాయన సరిగ్గా అప్పుడే సెలవు మీద ఊరెళ్తున్నాడు. ఆయన వెంట ఈయన్ని పంపేసి, నేను ఉద్యోగం చేసుకుంటూ ఇక్కడే ఉండిపోవడం. ఒక్క టికెట్టు తీశాను కూడా.

"నువ్వు మాత్రం ఎంతకని చేస్తావే?" అనేది అక్క ఫోన్లో. "అక్కడ నర్సులుంటారు. అయినా మనిషికి తెలిస్తే కదా, ఎక్కడున్నాడో."

"తెలియదక్కా. కుర్చీకి ఎంత తెలుసో ఈయనకీ అంతే. కుర్చీ నయం, దానికి పెట్టక్కర్లేదు."

ఈ మాటలు నేనన్నది కార్లో. ఆయన పక్క సీట్లో ఉండగా.

వారానికి మూడు మధ్యాహ్నాలు బడి నుంచి ఇంటికొచ్చి, పగలు ఆయన్ని చూసుకునే ఆయా ఒక చంకా నేనొక చంకా పట్టుకుని కార్లోకి ఎక్కించి, మళ్ళీ ఈసా టౌన్ వైపే ఫిజియోథెరపీకి తీసుకెళ్ళేదాన్ని. దారిలోనూ, అక్కడ మా వంతు వచ్చేదాకా కార్లోనూ, అక్కతో మాట్లాడేదాన్ని. ఇంట్లో ఆయా ఉంటుంది. ఆమె వింటుందని నాకు మొహమాటం. ఆమెది కేరళ, తెలుగు ముక్క రాదు. ఆమె దగ్గర మొహమాటపడి ఈయన దగ్గర పడలేదు నేను.

ఇక కారు సంగతి. "పక్షవాతం మనిషికి చల్లగాలి తగలనివ్వకు" అని అక్క మొదట్లోనే హెచ్చరించింది. ఫెలోషిప్‌లో ఆడవాళ్ళదీ అదే మాట. ఫిజిక్స్ చదివినదాన్ని, ఎందుకూ అని అడగాలి. ప్రతిదానికీ అడిగే నోరు దీనికి మాత్రం అడగలేదు. ఏప్రిల్‌లో కారు ఏసీ ఆపేసి అద్దాలు దించాను. సరిగ్గా అప్పటినుంచే ఇంజన్ వేడి చూపించే ముల్లు ఎక్కడం మొదలుపెట్టింది.

రోడ్డు మీద పోతున్నంతసేపూ బాగానే ఉండేది. సిగ్నల్ దగ్గర ఆగామా, ముల్లు మెల్లగా లేచి ఎర్రగీత వైపు పాకేది. కదిలితే దిగేది. అంటే ఎదురుగాలి తగిలితే రేడియేటర్ చల్లబడుతోంది, ఆగినప్పుడు గాలి విసరాల్సిన ఫ్యాను విసరడం లేదు. ఇంతవరకూ నా లెక్క సరైనదే. బానెట్ ఎత్తి చూశాను. ఇంజన్ కుతకుతలాడుతోంది, ఫ్యాను చచ్చినట్టు పడుంది. మోటారు కాలిపోయిందని తీర్మానించి ఇంటి దగ్గర గ్యారేజీకి తీసుకెళ్ళాను. అక్కడివాడు బ్యాటరీ నుంచి నేరుగా రెండు వైర్లు కలిపితే ఫ్యాను గిర్రున తిరిగింది. "ఫ్యాన్ ఠీక్ హై మేడం" అని, రేడియేటర్ మూత మార్చి, వేడికి తెరుచుకునే వాల్వు మార్చి, రేడియేటర్లో పచ్చటి కూలెంట్ పోసి పంపించాడు. మర్నాడు అదే సిగ్నల్, అదే ముల్లు.

జూన్ వచ్చేసరికి కార్లో రెండు సీట్ల ముందూ కాళ్ళ దగ్గర నీళ్ళ సీసాలే. ముల్లు మరీ ఎక్కితే హీటర్ వెయ్యమని స్టాఫ్‌రూంలో ఒక మాస్టారు చెప్పాడు. ఇంజన్ వేడిని అది కారులోపలికి లాగేస్తుంది, ఇంజన్ బతుకుతుంది. నిజమే, శాస్త్రం తప్పు కాదు. బయట రోడ్డు మీద తారు మెత్తబడే ఎండలో, పక్కన సగం శరీరం చచ్చిన మనిషిని పెట్టుకుని, నేను కార్లో హీటర్ వేశాను. ముల్లు దిగింది. నా తెలివికి నేను మెచ్చుకున్నాను.

ఆయన ఎడమచెయ్యి బాగానే ఉంది. ఆ దేశపు కార్లలో స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది కనక, కుడి సీట్లో ఉన్న ఆయన ఎడమచెయ్యి సరిగ్గా ఏసీ బటన్ ముందు ఉండేది. ముల్లు లేచిన ప్రతిసారీ ఆ చెయ్యి లేచేది. బటన్ నొక్కేవాడు. నేను ఆపేసేదాన్ని. మళ్ళీ నొక్కేవాడు.

"ఉక్కగా ఉంటే నాకూ ఉక్కగానే ఉంది. ఏసీ అంటే ఇంజన్ మీద ఇంకో బరువు. ఉడికిపోతున్న ఇంజన్ మీద బరువు పెడతారా ఎవరైనా?"

"కాదు" అన్నాడు.

"అవును."

"కాదు. కాదు."

"మీకన్నీ కాదే. మీతో వాదించడం నాది బుద్ధి తక్కువ."

ఒకసారి పచ్చలైటు ఎంతకీ పడక, వెనక హారన్లు, ముల్లు ఎర్రగీత మీద, ఆ చెయ్యి మళ్ళీ లేచింది. గట్టిగా కొట్టాను. చేతి మీదే కొట్టాను, నిజం. ఆయన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు ఫిజియోథెరపీలో అమ్మాయి బంతి ఇస్తే ఎడమచేత్తో కూడా పట్టుకోలేదు. "ఇవాళ పేషెంట్ సహకరించలేదు" అని రాసింది. నేను అది అక్కకి చదివి వినిపించాను. "చూశావా, రోజురోజుకీ దిగజారుతోంది" అంది అక్క.

ఊరికి పంపడానికి పన్నెండు రోజులున్నాయనగా, సిత్రాలో మన తెలంగాణ మనిషి ఒకతను కార్ల కరెంటు పని చేస్తాడని తెలిసి వెళ్ళాను. కరీంనగర్ అవతల ఏదో పల్లె. నలభై దాటిన మనిషి, నుదుటి మీద చెమటకి కరిగిన బొట్టు. ఈయన్ని కార్లోనే కూర్చోబెట్టి, ఇంజన్ ఆపకుండా, జరిగినదంతా చెప్పాను. మధ్యలో అతను ఏదో అడగబోతే దానికి జవాబు కూడా నేనే చెప్పాను.

"మేడం టీచరా?" అన్నాడు.

"ఎలా తెలిసింది?"

"నన్ను బెంచీ మీద నిలబెడ్తరేమో అనిపిస్తున్నది."

"సరిగ్గా చెయ్యకపోతే నిలబెడతాను. వాల్వు మార్చాలంటే మాత్రం వెళ్ళిపోతా, అది మార్చాం."

"ఎందుకు మార్చిన్రు? మంచిగున్నదాన్ని మార్చుడు, పాడైనదాన్ని ఇడిశిపెట్టుడు, దుబాయిల అందరు గిదే చేస్తరు." అతనికి గల్ఫ్ అంతా దుబాయే.

ఫ్యూజ్ లాగి చూశాడు, బాగుంది. కరెంటు స్విచ్చుల్లాంటి రిలేలుండే పెట్టె మూత తీసి, వెనక్కి తిప్పి, ఆగిపోయాడు. లోపల తెల్లటి ప్లాస్టర్ ముక్కలు వరసగా అంటించి, ఒక్కోదాని మీద చిన్న గుండ్రటి తెలుగు అక్షరాలు. ఫ్యాను. హారను. ఏసీతో ఫ్యాను.

"ఎవ్వలు రాసిన్రు మేడం? గింత సాఫ్‌గ కంపెనీ సుత రాయదు."

"మా ఆయన. ఆయనే" అని కార్లోకి చూపించాను.

అతను అటు తిరిగి చెయ్యి ఊపాడు. ఈయన పరిస్థితి నేనింకా చెప్పలేదు. చెప్పడానికి నోరు తెరిచేలోపల అతను పనిలో ఉన్నవాడు పనివాణ్ణి అడిగినట్టు అడిగేశాడు: "సార్, జర ఏసీ నొక్కుండ్రి."

"ఆయనకి అర్థం కాదండీ, నేను..."

ఫ్యాను తిరిగింది.

నేను ఇంకా ఇటు పక్కనే ఉన్నాను. కార్లో ఉన్నది ఆయనొక్కడే.

"గదీ సంగతి" అన్నాడతను. "ఇప్పుడు బంద్ చెయ్యుండ్రి సార్." ఫ్యాను ఆగింది. "మళ్ల." తిరిగింది. అతను రేడియేటర్ కిందికి వంగి, అక్కడున్న చిన్న స్విచ్చు పిన్ను ఊడదీసి, ఏసీ ఆపించి, ఆ పిన్నులో రెండు కొసల్నీ వైరు ముక్కతో కలిపాడు. ఏసీ లేకుండానే ఫ్యాను తిరిగింది. "మోటరు మంచిగనే ఉన్నది, రిలే మంచిగనే ఉన్నది, వైర్లు మంచిగనే ఉన్నయ్. నీళ్లు గరం అయినయని చెప్పే స్విచ్చే సచ్చింది. అన్ని ఉన్నయ్ మేడం, చెప్పేటోడే లేడు."

అతను అన్నది కారు గురించే.

"ఎన్నాళ్ళయి ఉంటుంది?" అన్నాను.

"ఏండ్లయి ఉంటది. ఏసీ ఏస్తే ఫ్యాను సుత దాంతోటే తిరుగుతది. ఈ దేశంల ఏసీ బంద్ పెట్టి ఎవలు తోల్తరు? గందుకే ఎవ్వలికి తెల్వలే. సార్‌కు ఎర్కనే ఉంటది, అడగకపోయిన్రా?" తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి వంగి, "మంచిగ రాసినవన్నా" అన్నాడు.

"కాదు" అన్నాడు మా ఆయన.

అతను నవ్వాడు. గొప్పలు చెప్పుకోని మనిషి అనుకున్నట్టున్నాడు. కొత్త స్విచ్చు బిగించేదాకా నేను టైర్ల గుట్ట పక్కన ఎండలో నిలబడ్డాను. కార్లోకి వెళ్ళి కూర్చోమన్నాడు రెండుసార్లు. వెళ్ళలేదు.

ఏప్రిల్ నుంచి ఆ కార్లో నేనన్న మాటలు ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలుపెట్టాయి. కుర్చీ. పెట్టక్కర్లేదు. ఆ రోజే పోయి ఉన్నా ఒకసారి ఏడ్చి ఊరుకునేదాన్ని అన్నాను ఒకరోజు, ఫిజియోథెరపీ బయట, చెట్టు నీడ దొరికిందన్న సంతోషంలో. హోమ్‌లో వాసన వస్తుందట కదా అని అక్కని అడిగాను. వస్తే ఈయనకేం తెలుస్తుందిలే అని జవాబు కూడా నేనే చెప్పాను. టికెట్టు తేదీ చెప్పాను. ఒక్కటే టికెట్టు అని చెప్పాను. అప్పుడు ఆయన కాదు అన్నాడు. అన్నాడు, నాకు బాగా గుర్తుంది. "నువ్వుండక్కా, ఈయన రేడియో మొదలుపెట్టాడు" అన్నాను.

తిరుగు దారిలో ఏసీ వేశాను. చల్లగాలి ఆయన మొహానికి తగులుతోంది. తగలనీ. జింజ్ ముందు పెద్ద సిగ్నల్ పడింది. ముల్లు సగం దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. నేను ముల్లునే చూస్తూ అడిగాను.

"ఫోన్లో నేనన్నవన్నీ మీరు విన్నారా?"

మూడు నెలలుగా దేనికైనా కాదనే మనిషి. నీళ్ళకి కాదు, అన్నానికి కాదు, నాకు కాదు. ఆ ఒక్కదానికి అనలేదు. ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని బయటికి చూస్తూ ఉండిపోయాడు. నేను ఆ మాట కోసం ఎదురుచూశాను. జీవితంలో మొదటిసారి, ఆయన నన్ను కాదనాలని. పచ్చలైటు పడింది, వెనకవాడు హారన్ కొట్టాడు.

ఇంకో ప్రశ్న అడగాల్సింది. హోమ్‌కి పంపమంటారా, అని. ఇంటికి చేరేదాకా నోటిదాకా వచ్చింది, మింగాను. ఎందుకు మింగానో ఎవరికీ చెప్పలేదు. కాదు అంటాడని భయపడి కాదు. దానికి కూడా ఏమీ అనడేమోనని.

మర్నాడు బడిలో రాజీనామా కాగితం ఇచ్చి, ఆయన్ని అడక్కుండానే రెండో టికెట్టు కొన్నాను.