సర్పంచ్ గారు దిగిన మోరీ

ఆ కాలంలో మా వీధిలో ఎవరైనా కొలతల టేపు పట్టుకుని నిలబడితే జనం సంతోషించేవారు కాదు, ముందు ఇంట్లోని బియ్యం బస్తాలు ఎత్తు మీదికి చేర్చుకునేవారు. తొంభైలు అప్పుడప్పుడే మొదలైన రోజులు. ఊరి పేరు చెప్పను. మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ పోయే బస్సు అక్కడ ఆగేదని మాత్రం చెబుతాను (ఇదే ఎక్కువేమో). మా పంచాయతీ వాళ్ళకు పని చేయడం ఎంత ఇష్టమో, చేసిన పనిని మళ్ళీ తవ్వడం అంతకంటే ఇష్టం. రోడ్డు వేసేవారు, అది ఆరీ ఆరకముందే నల్లా పైపు గుర్తొచ్చి తవ్వేవారు, పైపు పూడ్చి మళ్ళీ రోడ్డు వేసేవారు, అప్పుడు మురుగునీళ్ళ మోరీ సంగతి గుర్తొచ్చేది. తవ్విన మట్టిని ఎక్కడికీ తీసుకుపోకుండా అక్కడే పరిచి, దాని మీదే కంకర పోసేవారు. అలా రోడ్లు ఏటేటా ఎత్తు పెరిగాయి, మా ఇళ్ళు పొట్టివైపోయాయి.

మా నాయిన అనుమానాల మనిషి. పంచాయతీ వాళ్ళెవరైనా నమస్తే పెడితే, ఎందుకు పెట్టాడా అని సాయంత్రం దాకా ఆలోచించేవాడు. వేములపల్లి దగ్గర వరి మడుల్లో పెరిగినవాడు కనుక, నీళ్ళ ఎత్తుగడలు తనకు తెలిసినట్టు ఎవరికీ తెలియవని ఆయన నమ్మకం. పదో తరగతి తప్పాక నేను పట్టుబట్టి ఆయనతో పిండి గిర్ని పెట్టించుకున్నాను. ఆడపిల్ల గిర్ని నడపడమేమిటని చుట్టాలంతా ముక్కు మీద వేలేసుకుంటే, నాయిన ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. గిరాకీ నుంచి ఒక్క మాట పడ్డా గిర్ని మా చిన్నాన్నకు అప్పజెప్పి నేను ఇంట్లో కూర్చోవాలి. చిన్నాన్న అప్పటికే అప్పుడప్పుడూ వచ్చి బెల్టు తడిమి చూసి పోతుండేవాడు (ఆయన మీద నా అనుమానం నాకుండేది).

ఆ ఎండాకాలం మా గిర్ని ముందర కొత్త మోరీ కట్టారు. కట్టినన్నాళ్ళూ నాయిన ఎదురుగా మంచం వేసుకుని కూర్చుని చూశాడు. చివరికి నన్ను పక్కకు పిలిచి, "బిడ్డా, గిది మోరీ కాదు. మన గిర్నిలకు నీళ్లు తోలే తొవ్వ," అన్నాడు. అని ఊరుకోలేదు. గిర్ని ముందు గుమ్మానికి అడ్డంగా, అచ్చం పొలానికి పెట్టినట్టే, బంకమట్టితో మోకాలెత్తు ఒడ్డు పెట్టి, కాలితో తొక్కి, అరచేత్తో నున్నగా మెత్తాడు. పాపం, గిరాకీ అంతా చీరలు, పంచెలు ఎత్తి పట్టుకుని దాన్ని దాటి వచ్చేవారు. అదే నెలలో పంచాయతీ వాళ్ళు మా వెనక సందు రోడ్డును కూడా ఎత్తు చేశారు. అటు మేమిద్దరం తల తిప్పి చూడలేదు. మా అనుమానమంతా ముందు వైపే కాపలా కాస్తోంది.

మోరీ ప్రారంభం రోజున సర్పంచ్ గారు తెల్ల పంచె కట్టి, మెంబర్లను వెంటేసుకుని వచ్చారు. రిబ్బను కత్తిరించేలోపే గాలివాన దిగింది. అందరూ పరుగెత్తి వచ్చి మా గిర్ని రేకుల కింద నిలబడ్డారు. లోపల నేను ముక్కుపుడక పెద్దమ్మ ఏడాది కారం పట్టి, చల్లారడానికి గుడ్డ మీద ఆరబోస్తున్నాను. ఆమె నోటికి మా వీధే కాదు, పక్క వీధి కూడా భయపడేది. ఇంతలో వెనక తలుపు కింద నుంచి నీళ్ళు వచ్చాయి. మోటారు ఆపి వచ్చేసరికి గిర్ని నాట్లకు సిద్ధమైన మడిలా నిండింది. బయటికి పోదామంటే నాయిన ఒడ్డు అడ్డం. ఎంత బాగా పెట్టాడో, చుక్క కారలేదు. కారమంతా ఆ నీళ్ళలో కలిసి ఎర్రగా తిరుగుతోంది, దాంతోపాటు నా గిర్నీ పోతోంది. "నాయినా, ఒడ్డు తెంపు" అని అరిచాను.

తన చేత్తో పెట్టిన ఒడ్డు కదా, ఆయన ఒక్క క్షణం దాన్ని దిగులుగా చూశాడు. తర్వాత పార తీసుకుని ఒక్క వేటు వేశాడు. ఎర్రటి నీళ్ళు తెగిన చెరువులా సర్పంచ్ గారి కాళ్ళ మీద పడ్డాయి. మొదట బురద అనుకున్నారు. మంట మొదలయ్యాక ఎటు పోవాలో తోచక మోరీలోకి దూకారు, వెనకే మెంబర్లు. ఆ మోరీ మూతి రోడ్డు కంటే ఎత్తు కనుక వీధి నీళ్ళు అందులోకి పోవు, ఆకాశం నుంచి పడ్డవి బయటికి రావు. అలా నిలిచిన నీళ్ళలో వరసగా నిలబడి కాళ్ళు కడుక్కున్నారు. ప్రారంభోత్సవం అదే.

వాన తగ్గాక పెద్దమ్మ గిన్నె పట్టుకుని వచ్చింది. ఆ వెనకే, ఎవరు చెప్పారో గానీ, చిన్నాన్న కూడా వచ్చాడు. ఆమె ఖాళీ గుడ్డను చూసింది, మోరీలో ఉన్నవాళ్ళను చూసింది, మిగిలిన ఒడ్డు మీద కూలబడి కళ్ళ నీళ్ళు కారేలా నవ్వింది. "పోనియ్ బిడ్డా. నా కారం పోవాల్సిన కాడికే పోయింది," అంది. నాకు ఏడుపొచ్చింది. చిన్నాన్న బెల్టు వైపైనా చూడకుండా వెనుదిరిగాడు. ఆ ఏడాది వీధి వీధంతా కారం మా దగ్గరే పట్టించుకుంది.

నాయిన కావాలనే చేశాడని సర్పంచ్ గారు, వెనక నుంచి నీళ్ళు వాళ్ళే కావాలని తోలారని నాయిన, చివరిదాకా నమ్మారు. పంచాయతీ మాత్రం ఆ వానతో బాగా ఆలోచించి, వీధిలో ప్రతి దుకాణం ముందూ మోకాలెత్తు సిమెంటు ఒడ్డు కట్టించింది. వెనక రోడ్డు జోలికి పోలేదు.

ఇప్పుడు సూర్యాపేటలో ఉంటున్నాను. నాయిన పోయి చాలా కాలమైంది, ఆయన అనుమానం మాత్రం నా దగ్గరే ఉంది. మొన్న మా వీధిలో ఎవరో టేపు పట్టుకుని నిలబడితే, మోకాళ్ళ నొప్పులు కూడా మరిచి పరుగున పోయి వెనక తలుపు తెరిచి వంగి చూశాను. ఎక్కడో చాలా కింద సందు కనిపించింది. మేముండేది మూడో అంతస్తు. నాలో నేనే నవ్వుకున్నాను గానీ, కారం డబ్బాను పై అరలోకి మార్చాకే తలుపు వేశాను.