దుర్గ టెంక పడేదాకా

మా ఇంట్లో తాండ్రకు మామిడిపండ్లు పిండడం నిన్నటితో ముగిసింది. ఈ ఉదయం నా భార్య ఎండిన టెంకలను ఏరి ఖాళీ డబ్బాలో వేస్తోంది. మొదటి టెంక డబ్బా అడుగున ఠక్కున పడగానే నేను చదువుతున్న పత్రిక దించి, నాకు తెలియకుండానే రెండవదాని కోసం చెవి రిక్కించాను. ఆ చప్పుడు నాకు సుగుణ టీచరు ఇచ్చి వెళ్లినది.

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఆగిరిపల్లి దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో నేను ప్రధానోపాధ్యాయుణ్ణి. హాజరు పట్టీని ఎవరి చేతికీ ఇచ్చేవాణ్ణి కాను. తల వంచి పేరు పిలవడం, గొంతు వినిపిస్తే హాజరు, వినిపించకపోతే గైరుహాజరు వేయడం నా పద్ధతి. సుగుణ టీచరు వచ్చిన ఏడాది ఒకటవ తరగతిలో ఇరవై ఆరు పేర్లు ఉండేవి. వాటిలో దుర్గ అన్న పేరుకు బదులు ఒక్కనాడూ రాలేదు. ఆ పిల్లకు మాట రాదనీ, చేతులు బిగుసుకుపోతాయనీ అంగన్‌వాడీ నుంచి వచ్చిన జాబితాలో చదివాను. అందువల్ల బడికి పంపడం లేదనుకున్నాను. ఇంటి దగ్గరే చదువు చెప్పవలసిన పిల్లల జాబితాలో ఆమె పేరు చేర్చి, శనివారం సంతకం చేసి పంపడానికి సిద్ధంగా ఉంచాను.

సుగుణ టీచరు మైలవరం వైపు నుంచి బదిలీపై ఒకటవ తరగతికి వచ్చి అప్పటికి రెండు రోజులు. ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చారు.

"దుర్గ రావట్లేదని రాశారేంటండీ?"

"పద్దెనిమిది పనిదినాలు. ఒక్కరోజూ పలకలేదు. పట్టీ చూడండి."

"పట్టీ కాదండీ, అటు చూడండి. గోడ పక్కన కూర్చున్నది ఎవరనుకుంటున్నారు?"

"ఎవరో చంటిపిల్ల. అక్క వెంట వచ్చి ఉంటుంది."

"వాళ్లమ్మని అడిగాను. ఆ పిల్లకి అక్కే లేదండీ."

తోటపనికి వెళ్లే తల్లులు చంటిపిల్లలను బడిలో పెద్దపిల్లల పక్కన కూర్చోబెట్టి వెళ్లడం మా ఊళ్లో మామూలే. ఈడుకు తగ్గ ఎదుగుదల లేని దుర్గనూ నేను ఆ లెక్కలోనే వేశాను. సాయంత్రం తల్లి నాంచారమ్మ చంకలో పిల్లతో నా ముందు నిలబడింది.

"రోజూ నేనే దింపి పోతున్నాను కదండీ. తోటలో పాకలో పడుకోబెడితే చీమలు పడతన్నాయండీ. ఇక్కడైతే పిల్లల్ని చూసి నవ్వుద్దండీ. పేరు తీసెయ్యమాకండి."

నిజం చెప్పాలంటే, అప్పటికీ నేను మెత్తబడలేదు. పలకని పిల్లకు హాజరు వేయడం ఎలాగని అడిగాను. సుగుణ టీచరు నవ్వారు. "పలకడం అంటే నోటితోనేనా అండీ? శనివారం దాకా ఆగండి."

మర్నాడు తరగతి మధ్యలో ఒక ఖాళీ నూనె డబ్బా, దాని పక్కన ఎండు టెంకల గంప ఉన్నాయి. ఇకపై ఎవరూ నోటితో పలకరన్నారు సుగుణ టీచరు. పేరు పిలిస్తే వచ్చి డబ్బాలో టెంక వేయాలి. దుర్గ వంతు వచ్చింది. టీచరు ఆమె పిడికిట్లో టెంక పెట్టి, పట్టుకుని నిలబెట్టారు. పిడికిలి డబ్బా మీదికి వచ్చింది కాని వేళ్లు విచ్చుకోలేదు. నేను గడియారం చూశాను. ముందు వరసలోని జ్యోతి ఊరుకోలేదు.

"దుర్గా, నిద్దరోయావేంటే? ఒకటి... రెండు... మూడు..."

టీచరు కోప్పడతారనుకున్నాను. "ఆపమాకే జ్యోతీ. ఎంతకి పడుద్దో చూద్దాం, అందరూ లెక్కపెట్టండి" అన్నారు. ఇరవై తొమ్మిది దగ్గర తరగతి ఆగిపోయింది. టీచరు ముప్పై అందించారు. నలభై తొమ్మిది దగ్గర మళ్లీ ఆగినప్పుడు "యాభై" అన్న గొంతు నాదే. అరవై మూడుకు టెంక ఠక్కున పడింది. పిల్లలు కేకలు వేశారు. దుర్గ ఒళ్లంతా కదిలేలా నవ్వింది.

"నాలుగు నిమిషాల పనికి పదకొండు నిమిషాలు పట్టింది" అన్నాను.

"పట్టిందండీ. మన ఒకటో తరగతి అరవై మూడు దాకా ఇంతకుముందు ఎప్పుడు లెక్కపెట్టిందో చెప్పండి."

ఆ వారమంతా దుర్గ చెయ్యి త్వరగా విచ్చుకున్నదేమీ లేదు. ఒకనాడు నలభై, ఒకనాడు ఎనభై దాటింది. శనివారానికి మాత్రం ఇరవై తొమ్మిది దగ్గర ఆగే పిల్లలు లేరు. నేను జాబితాలో దుర్గ పేరు కొట్టేశాను. తర్వాత హాజరు పట్టీ తెరిచాను. అందులో దిద్దుబాటంటే నాకు తలవంపు. ఆ పిల్ల వరసలో పద్దెనిమిది గైరుహాజరులను హాజరుగా దిద్ది, ఒక్కొక్కదాని పక్కన పొట్టి సంతకం పెట్టాను. సుగుణ టీచరు చూస్తూ నిలబడ్డారు.

"ఇన్ని సంతకాలెందుకండీ? కింద ఒక్కటి చాలదా?"

"తప్పు పద్దెనిమిది సార్లు చేశానమ్మా."

సోమవారం నుంచి హాజరు పట్టీ ఆమెకే అప్పగించాను. దుర్గ అయిదవ తరగతి దాకా మా బడిలోనే చదివింది. సుగుణ టీచరు ఇప్పుడు చింతలపూడి దగ్గర పనిచేస్తున్నారని విన్నాను. నన్ను చిన్నబుచ్చకుండా నా లెక్కలతోనే నన్ను దిద్దిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మా పింఛనుదారుల సమావేశానికి పక్షవాతంతో మాట పడిపోయిన మిత్రుడొకరు వస్తారు. ఏ విషయమైనా ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తమంటారు. వెంటనే లెక్కించి ముగించేస్తారు. నేను మాత్రం "కాస్త ఆగండి" అని, ఆయన చేతివైపు చూస్తూ లోలోపల ఒకటి, రెండు మొదలుపెడతాను. మొన్న ముప్పై ఎనిమిది దాకా వెళ్లింది. చెయ్యి లేచింది.