పట్టుపోగూ నా మెడా

ఇది ఒక మహాగాథ. ఇందులో ప్రాచీన చైనా ఉంది, యుద్ధవీరులున్నారు, తరతరాలుగా దాచిన రహస్యవిద్య ఉంది, చివర్లో అగ్నిపరీక్ష కూడా ఉంది. కాకపోతే వీరులు దారిలోనే దిగిపోతారు. మిగిలేది కార్ల్స్‌రూహెలో నేను, నా మెడ, జర్మన్ డ్రైవింగ్ పరీక్ష.

కొత్త ఉద్యోగంలో కస్టమర్ల ఆఫీసులకు కారులో తిరగాలి. ప్రొబేషన్ ముగిసేలోగా లైసెన్సు చూపించకపోతే ఇంకొకరిని వెతుక్కుంటామని మేనేజరు ఎంతో మర్యాదగా చెప్పాడు. మొదటి పరీక్షలో, లేన్ మారేటప్పుడు భుజం మీదుగా వెనక్కి చూడలేదని నన్ను ఫెయిల్ చేశారు. ఆ చూపుకి ఇక్కడ షుల్టర్‌బ్లిక్ అని పేరు కూడా ఉంది. అద్దంలో చూశాను మహాప్రభో అన్నా వినలేదు.

నా రూమ్మేట్‌ది కరీంనగర్. వాడు విషయం తేల్చేశాడు. "హైదరాబాద్‌ల బండి నడిపినోడు ఎన్కకెందుకు చూస్తడ్రా? మనం హారన్ కొడ్తం. ఎన్కోడే చూస్కుంటడు."

"హారన్ సంగతి తర్వాత. అసలు నా మెడ తిరగట్లేదు."

నిజంగానే తిరగదు. మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని చదివిన చదువంతా మెడలోనే నిలిచిపోయింది. డాక్టరు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, అడిగితే ప్రొబేషన్ అయ్యాక వచ్చే తేదీ ఇచ్చారు. దాంతో రూమ్మేటే నన్ను పక్క వీధిలోని తై చి అనే చైనా కసరత్తు క్లాసులోకి తోశాడు.

డ్రిల్లు టీచరుగా రిటైరైన జర్మన్ ఆవిడ నేర్పేది. చేతులు గాలిలో నెమ్మదిగా సుడులు తిప్పాలి. దీన్ని పట్టు తీసే కసరత్తు అంటారట. "పట్టుకాయల నుంచి దారం తీసేవాళ్ల చేతుల్ని చూసి పూర్వం వీరులు నేర్చుకున్నారు. తొందరపడితే పోగు తెగుతుంది. ఆగితే చిక్కుపడుతుంది," అని ఆవిడ కళ్లు మూసుకుని చెప్పింది. ఎవరిదో మోకాలు టక్కుమంది.

ఇంటికొచ్చి వెతికి చదివాను. పట్టు తీసినట్టు కదలాలని పాత రాతల్లో ఉందట. మొదట ఎవరు, ఎక్కడ, ఏ పట్టుకాయను చూశారో మాత్రం ఎవరికీ తెలియదు. ఒక్కో గురువుది ఒక్కో కథ. పైగా ఇలా విడిగా చేయించే కసరత్తులు అంత పాతవేమీ కావట. కదలికల వరస మొత్తం నేర్చుకునే తీరిక లేని శిష్యుల కోసం ముక్కలు చేసి పెట్టారట. రహస్యవిద్య అనుకున్నది కాస్తా క్రాష్ కోర్సు. నాకు దానిమీద మొదటిసారి నమ్మకం కుదిరింది.

కొన్ని వారాలకు మెడ వదులైంది. ఆవిడ సూత్రం ఒక్కటే: నడుము ముందు తిరగాలి, మిగతావన్నీ దాని వెంట రావాలి. ఆ తర్వాతి డ్రైవింగ్ క్లాసులో అంతే భక్తిగా చేశాను. నడుము తిరిగింది. భుజం తిరిగింది. చెయ్యి తిరిగింది. చేతిలో స్టీరింగ్ ఉంది. కారూ తిరిగింది.

పక్కనున్న ఇన్‌స్ట్రక్టరు బ్రేకు తొక్కాడు. "ఏం చేశారిప్పుడు?"

"షుల్టర్‌బ్లిక్."

"చూడమన్నది మిమ్మల్ని. కారును కాదు."

వెళ్లి తై చి టీచరమ్మను నిలదీశాను. "నడుము ముందు అన్నది మీరేగా?"

"అన్నాను. కారులో చేయమన్నానా? అక్కడ మెడ ఒక్కటే తిప్పండి. ఇప్పుడు తిరుగుతోందిగా."

తిప్పి చూశాను. తిరిగింది. జ్ఞానోదయంలాంటిదేమీ కాలేదు.

ఇక రోజూ సాయంత్రం వంటింట్లో ప్రాక్టీసు. స్టీరింగు బదులు కంచం పట్టుకుని కుర్చీలో నేను, నా వెనక సైకిలిస్టుగా రూమ్మేట్.

"కనవడ్డనా?"

"కనబడ్డావ్."

"కంచం గుంజినవ్ రా. నన్ను గుద్దినవ్. నేను సచ్చిన. మల్ల జెయ్."

రెండో పరీక్ష రోజున వాన. లేన్ మారాల్సిన చోట చేతులు కదపకుండా మెడ తిప్పాను. అది కారంతా వినబడేలా పటుక్కుమంది. వెనక సీట్లోని ఎగ్జామినరు ట్యాబ్లెట్ మీంచి తలెత్తాడు. "ఏమన్నా విరిగిందా?"

"లేదండీ, మెడ. పాతదే."

ఆయన ఏదో నొక్కాడు. చివర్లో కారు ఆపించి, పాసయ్యారు అన్నాడు. మేనేజరు లైసెన్సు కాపీ తీసుకుని, మంచిదన్నాడు. ఉద్యోగం ఉంది.

ఈ లైసెన్సు కార్డు పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత కొత్త ఫోటో ఇచ్చి మార్చుకుంటే చాలు, మెడ తిప్పి చూపించక్కర్లేదు.