డైరీలో నేను వదిలేసిన వాడుక

ఒక బూతుమాటకు డైరీలో ఒక పేజీ కేటాయించానని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నాన్న పోయాక ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో నాకు ఉద్యోగం ఇచ్చారు. నాన్నతో పనిచేసినవాళ్ల నోట ఆ మాట రోజంతా వినిపించేది. నేను కనిపిస్తే మాత్రం అందరూ టక్కున ఆపేసేవారు. నా వల్ల అంతమంది బిగుసుకుపోవడం నన్ను పనికన్నా ఎక్కువ అలసిపోయేలా చేసేది. ఇంటికెళ్లాక ఆ మాట రాసి, కింద వాడుకలు రాసుకునేదాన్ని. స్పానరు జారితే విసుగు. టీ ఆలస్యమైతే కోపం. సెలవు నుంచి స్నేహితుడు తిరిగొస్తే ఆప్యాయత.

ఒకరోజు సంచిలో పనికి తెచ్చుకున్న డైరీని భోజనాలవేళ బల్లమీదే మరిచిపోయాను. తిరిగొచ్చేసరికి నాన్న స్నేహితుడు అప్పన్న బాబాయి పని పుస్తకమనుకుని తెరిచి, ఆ పేజీయే చదువుతున్నాడు.

"ఏటమ్మా ఇది? నువ్వే రాసినావా?"

తలూపాను. సాయంత్రానికి అమ్మకి తెలుస్తుంది, రేపటినుంచి వీళ్ల ముఖం ఎలా చూడను అనుకున్నాను. ఇంట్లో నాన్న ఒక్క తప్పుమాట కూడా అనేవాడు కాదు.

బాబాయి నవ్వలేదు, తిట్టలేదు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తర్వాత డైరీ మూసి నా చేతిలో పెట్టాడు.

"అన్నీ బాగానే రాసినావు గానీ, ఒకటి ఒగ్గేసినావు తల్లీ. మీ నాన్న పోయినాడని కబురొచ్చినప్పుడు, మెషీన్లు ఆపేసి మేమందరం అన్నది ఈ మాటే."