ఎర్ర ముడులు

నిన్న చీరకు వేలాడే దారాలు కత్తిరిస్తుంటే ఒకచోట ఎర్ర ముడి తగిలింది. కత్తెర పక్కన పెట్టేశాను. బతుకుదెరువుకు వచ్చిన ఈ లింబాయత్ పేటలో మరమగ్గాల చప్పుడు మధ్య ఇంట్లో కూర్చుని ఏళ్లుగా చేస్తున్న పని ఇదే. నా కంట పడ్డ ముడి బతకదని మా ఆయన ఎగతాళి చేసేవాడు. నేను మాత్రం మెచ్చుకోలే అనుకునేదాన్ని.

మూడేళ్ల కిందట మా అక్క కూతురు మా ఇంట్లో ఉండి బొమ్మల చదువు చదివేది, కాలేజీ తరఫున పరుగు పందేలకూ వెళ్లేది. బొమ్మలంటే నాకు తెలిసిన నెమళ్లూ కలశాలూ కావు. పరుగు నుంచి రాగానే ఒంటికి నీలిరంగు పూసుకుని, మగ్గం మీంచి దిగిన తెల్లగుడ్డ మీద పడుకునేది. లేచాక గుడ్డ మీద ఇంకో పిల్ల మిగిలేది. తన ఆయాసాన్ని ఫోన్‌లో రికార్డు చేసి దానికి మగ్గం చప్పుడు కలిపేది. అది వింటే ఏదో మనిషిని తరుముతున్నట్టు నాకు భయం వేసేది. "ఇదేం పిచ్చే?" అంటే, "ఉరికేటప్పుడు నేను మనిషినా, మెషీన్‌నా అని చూస్తున్న చిన్నమ్మా" అనేది. స్నానాలగది గోడలకంటిన నీలం తోమలేక నా ప్రాణం పోయేది.

గుడ్డలన్నీ వరండాలో దండెం మీద వేలాడేవి. ప్రతిదాని మీదా ఎడమ మోకాలి అచ్చు కింద ఎర్రదారంతో ముడులు. మొదటి గుడ్డకు ఒకటి, తర్వాతి దానికి మూడు, చివరిదానికి గుప్పెడు. రోజూ చూస్తూనే ఉన్నాను, అడగలేదు.

కాలేజీలో ప్రదర్శనకు ముందురోజు మధ్యాహ్నం ఆ గుడ్డలు మడతపెడుతున్నాను. ముడులున్న సరుకును చీరల పనిచ్చే సేటు నా మొహాన కొడతాడు, అలాంటిది పెద్దవాళ్ల ముందు పెడుతుందా ఈ పిల్ల అనిపించింది. కత్తెర తీసుకుని ఒక్కటీ మిగలకుండా తీసేశాను. ఏ చీరనూ అంత శుభ్రంగా చేసి ఉండను.

సాయంత్రం పిల్ల వచ్చి గుడ్డలు విప్పి చూసింది. ముడులున్న చోటంతా వేళ్లతో తడిమింది.

"జర మంచిగ కనబడాలని తీసిన బిడ్డా" అన్నాను.

"సరే తియ్" అని మడతపెట్టేసింది.

మర్నాడు ప్రదర్శనకు పరుగు నేర్పే సారు వచ్చి ప్రతి గుడ్డ ముందూ నిలబడ్డాడు, మెచ్చుకున్నాడు, వెళ్లిపోయాడు. మూడో రోజు పందెంలో, సగం దూరంలో, పిల్ల కూలిపోయింది. ఎడమ మోకాలి కింద ఎముక విరిగింది. అది చాన్నాళ్లుగా చీలి ఉందన్నారు డాక్టరు.

ఆస్పత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుని అంది: "ఎక్కడ నొస్తే అక్కడ ముడేసిన చిన్నమ్మా. నోటితోని చెప్తే టీములకెల్లి తీసేస్తరని భయం. సారు చూసి అడుగుతడనుకున్న. నువ్వు తీసేసినంక, ఎవ్వరికీ చెప్పొద్దని నువ్వే అన్నట్టనిపించింది."

ఇప్పుడు నడుస్తుంది, పరుగెత్తదు. చివరి గుడ్డ నా దగ్గరే ఉంది. నీలం వెలిసిపోయింది, సూది పోట్లు అలాగే ఉన్నాయి. మూడేళ్లు గడిచాయి కానీ, ఆ ఒక్క మధ్యాహ్నం నాకింకా గడవలేదు.