బొమ్మ రూటర్ల అక్క

అరసవల్లి లేడీస్ హాస్టల్లో నా గదిలో ఉండే అక్క కంప్యూటర్‌తో మాట్లాడేది. ల్యాప్‌టాప్‌లో నెట్ పంచే పెట్టెల్లాంటి బొమ్మ రూటర్లు పెట్టి, గీతలతో కలిపి, ఒకదాన్నుంచి ఇంకోదానికి పలకరింపు పంపేది. పంపిన ప్రతిసారీ తెర దగ్గరికి వంగి, "ఉన్నావేటమ్మా?" అని అడిగేది. జవాబొస్తే జ్వరం తగ్గిన పిల్లని చూసినట్టు చూసేది.

నెట్‌వర్క్ ఉద్యోగాల ఇంటర్వ్యూలు ఎన్ని పోయాయో చెప్పేది కాదు. ఆఖరికి ఒక కంపెనీవాళ్లు, ఆ బొమ్మ నెట్‌వర్క్‌ని నిజం ఇంటర్నెట్‌కి కలిపి చూపించమన్నారు. ఆ పొద్దున వీడియో కాల్ చేసి, ఫోన్ని తెరకెదురుగా నిలబెట్టి, హాస్టల్ నెట్ వైరు ల్యాప్‌టాప్‌కి గుచ్చింది.

ఎంతకీ జవాబు లేదు. ఏవేవో మార్చింది.

"ఉన్నావేటమ్మా? పలకవేటి?" తెరకి ఇంకా దగ్గరగా వంగింది.

చివరికి బయటి నెట్ పలికింది. అక్క కళ్లు తుడుచుకుంటుండగానే పక్కగది పిల్ల ఏడుస్తూ వచ్చిపడింది.

"అక్కా, నెట్ పోనాది! నా పరీక్ష మద్దెలో ఆగిపోనాది!"

అక్కకి అర్థమైపోయింది. ఆమె బొమ్మ రూటర్ తానే అసలుదన్నట్టు హాస్టల్లో అందరి కంప్యూటర్లకీ తప్పుడు చిరునామాలు పంచేస్తోంది.

"రెండు నిమిషాలాగే తల్లీ, వీళ్లకి పూర్తిగా సూపించీసి తీసెత్తాను."

"టైమైపోతన్నాదక్కా!"

అక్క నా వైపు చూసింది. ఫోన్లో ఆ పెద్దమనుషులు చూస్తుండగానే వైరు పీకేసింది.

కాసేపటికి, "వచ్చిందక్కా!" అని పక్కగదిలోంచి కేక వినిపించింది.

తెర మీద జవాబులు ఆగిపోయాయి. ఫోన్లోంచి, "మేడమ్, ఉన్నారా? మేడమ్?" అని అడుగుతూనే ఉన్నారు.

వైరు చేతిలో పట్టుకుని కూర్చున్న అక్క పలకలేదు.