కిడ్నీలు బాగున్నాయన్న రోజు

ఉద్దానం మనుషులు ఆసుపత్రికి వస్తే ముందు అడిగేది ఒకటే. నడుం నొప్పయినా, నీరసమైనా, కాళ్లు తిమ్మిరెక్కినా, "కిడ్నీలు సూడండమ్మా" అంటారు. అయినవాళ్లు ఆ జబ్బుతో పోవడం కళ్లారా చూసినవాళ్ల భయం అది. సోంపేటలో ఓపీ నర్సుగా చేరినప్పటి నుంచీ నేనా మాట వింటూనే ఉన్నాను. డాక్టరమ్మ దగ్గరికి పంపే ముందు బీపీ, బరువు చూడడం నా పని.

అతనూ ఆ మాటే అంటూ వచ్చాడు. జలంత్రకోట వైపు మనిషి, కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపుతాడు. నలభై దాటి ఉంటాయి. భుజాలు చూస్తే ఒకప్పుడు బలమైన మనిషని తెలుస్తోంది గానీ, చొక్కా హేంగరుకి వేసినట్టు వేలాడుతోంది. వెంట భార్య ఉంది. జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తుంది కాబోలు, వేళ్లు నల్లగా ఉన్నాయి.

బీపీ పట్టీ చుడుతుంటే అతని చెయ్యి వణికింది. పొద్దున్నే అయినా నోటి వాసన తెలుస్తోంది.

"తాగుతావా తమ్ముడూ?" అన్నాను. అది అతన్ని చూసి అడిగిన ప్రశ్న కాదు. కడుపులో మంట అని వచ్చినా, పడి దెబ్బ తగిలిందని వచ్చినా అందర్నీ అడగమని డాక్టరమ్మ చెప్పింది. అడగడం మొదలెట్టాక గానీ తెలీలేదు, మా ఓపీ బల్లల మీద కూర్చునేవాళ్లలో ఎంతమంది తాగుడు బాధతో వస్తున్నారో.

"అప్పుడప్పుడమ్మా. ఒళ్లు నొప్పులకి" అన్నాడు.

భార్య గోడకేసి చూసింది.

రక్తపరీక్షల కాగితాలు వచ్చాక డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి, కిడ్నీలు బాగున్నాయంది. అతను రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టేశాడు. భార్య వైపు తిరిగి, "సూసినావా! కిడ్నీలు బాగున్నాయంట. ఇంకేటి?" అన్నాడు.

"లివరు వాచింది. తిండి ఒంటికి పట్టట్లేదు. తాగుడు వల్లే" అంది డాక్టరమ్మ. అతను వినిపించుకోలేదు. ఆమె గొంతు పెంచకుండా అడిగింది, "చెట్టెక్కగలుగుతున్నావా?"

భార్యే చెప్పింది.

"మొన్న సగం చెట్టెక్కి అక్కడే వాటేసుకుని ఉండిపోనాడమ్మా. పైకీ ఎల్లనేడు, కిందకీ రానేడు. మా తమ్ముడెక్కి తాడు కట్టి దింపినాడు. ఊరంతా కింద నిలబడి సూసినారు."

"ఇప్పుడెందుకే అయ్యన్నీ" అన్నాడతను. కోపం కాదు, సిగ్గు.

టెక్కలి పెద్దాసుపత్రిలో కొన్నాళ్లు ఉండి మానాలని, ఇంట్లో ఒక్కసారిగా మానేస్తే ప్రమాదమని డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. అతను లేచి నిలబడ్డాడు. "ఆసుపత్రిలో తొంగుండేదేటి? నానే మానేత్తాను" అని వెళ్లిపోయాడు.

అన్నంత పనీ చేశాడు. కలిసి తాగేవాళ్లు వచ్చి పిలిచినా గుమ్మం దిగలేదట. మూడో రోజో నాలుగో రోజో ఆటోలో తీసుకొచ్చారు. ఒళ్లంతా చెమట. బావమరిది ఒక పక్క, భార్య ఒక పక్క పట్టుకున్నారు. మంచం మీద పడుకోబెడితే అతని కళ్లు కప్పు మీదే తిరుగుతున్నాయి. అక్కడ అతనికి కొబ్బరి గెలలు కనిపిస్తున్నాయి.

"జరగండి! కాయలు పడతన్నాయి, జరగండి!" అని అరిచాడు. నేను సూది వేయడానికి చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని, భార్య తలని తన గుండెల్లోకి లాక్కుని అరచేత్తో కప్పేశాడు. ఆమె అలాగే వంగి ఉండిపోయింది. ఎంతసేపటికీ చెయ్యి తియ్యడు.

ఎలాగో వేసిన సూదిమందు పనిచేసి అతను కాస్త నెమ్మదించాక ఆమె నడుం పట్టుకుని లేచింది. కళ్ల నిండా నీళ్లు, ముఖంలో మాత్రం నవ్వు.

"తాగినప్పుడు నానొకదాన్ని ఉన్నట్టే తెల్దు మావకి. ఇప్పుడు సూడండమ్మా, మతి నేకపోయినా నా తల కాసినాడు" అంది.

ఆ సాయంత్రమే అంబులెన్సులో టెక్కలి పంపాం. బావమరిది కూడా వెళ్లాడు. డాక్టరమ్మ ఫోను చేసి కనుక్కుంటూనే ఉంది.

తిరిగొచ్చాక మందుల కోసం మా ఓపీకే రావడం మొదలెట్టాడు. మొదటిసారి వచ్చినప్పుడు గ్లాసుతో నీళ్లిస్తే, ఒలక్కుండా తాగి, ఖాళీ గ్లాసు నాకు చూపించాడు. పనిలో కూడా మార్పు చేసుకున్నాడు. కాయల దింపు అయ్యాక తాగే జట్టుని వదిలి, బావమరిదితో వెళ్లడం మొదలెట్టాడు. అతను పైకెక్కి కోస్తే, ఇతను కింద కాయలు ఏరి ఒలిచేవాడు.

తర్వాత అతని చెల్లెలి కూతురి పెళ్లొచ్చింది. ఆ తర్వాత అతను కనిపించలేదు. ఒకరోజు భార్య ఒక్కతే వచ్చింది, తల తిరుగుతోందని. బీపీ చూస్తూ అడిగాను.

"పెళ్లిలో తాగీసినాడమ్మా. అక్కణ్ణించి మళ్లీ మొదలు. మీకు మొకం సూపించనేనని అంటన్నాడు."

"నేను తిట్టనని చెప్పు. డాక్టరమ్మా తిట్టదు. మళ్లీ నీ అంతట నువ్వు ఆపెయ్యొద్దని, ముందు ఇక్కడికి రమ్మని చెప్పు" అన్నాను.

ఆ వారంలోనే వచ్చాడు. వరసలో తన వంతు వచ్చినప్పుడల్లా పక్కకి తప్పుకుని వెనకవాళ్లని ముందుకి పంపడం నేను చూస్తూనే ఉన్నాను. ఓపీ అయిపోవచ్చింది, అతనొక్కడే మిగిలాడు. కుర్చీ చూపించాను. కూర్చుని చెయ్యి చాపాడు.

"ఇంతా సేసి మళ్లీ మొదటికొచ్చినాను" అన్నాడు.

లోపల్నించి డాక్టరమ్మ వినే ఉంటుంది. "మొదటికెందుకూ? మొదటిసారి మానినప్పుడు నిన్ను మోసుకొచ్చారు. ఇప్పుడు నువ్వే నడిచొచ్చావు" అంది.

అతను మొహం తుడుచుకున్నాడు. ఈసారి మారాం చెయ్యకుండా టెక్కలి వెళ్లాడు. వచ్చాక ఊళ్లో ఎవరి పెళ్లయినా భోజనం వేళకి భార్యతో వెళ్లి, చెయ్యి కడుక్కోగానే ఆమెతోనే ఇంటికి వచ్చేసేవాడు. అలా ఏడాది దాటింది.

మొన్న ఒక ఆదివారం, చర్చి అయ్యాక, పిలిచారని వాళ్లింటికి వెళ్లాను. వంట అతనే చేశాడు. బారువ నుంచి తెచ్చిన ఎండుచేపలు, వంకాయతో. ఆమె నాకు పీట వేసి, అతని మీద ఫిర్యాదులు మొదలెట్టింది.

"తాగినన్నాళ్లూ వండినదంతా కుక్కకే పెట్టినానమ్మా. ఇప్పుడు సూడండి, రెండు పూటలకి వండింది ఒక్క పూటలోనే లాగించేత్తన్నాడు. నాకు మిగిల్తే గదా!"

అతను పొయ్యి దగ్గర్నించి తిరక్కుండానే, "నీకు తీసి పక్కనెట్టినానే" అన్నాడు.

నిజంగానే పెట్టాడు. మూత తీసి చూసి, పెద్ద ముక్కలన్నీ తనకే ఉన్నాయని ఆమె నాకు గిన్నె చూపించింది. కూరలో ఉప్పు కాస్త ఎక్కువైంది. ముగ్గురం మజ్జిగ పోసుకుని తినేశాం.